పాలు తాగిన దేవుడు, బావిలో ఆగిన ఊపిరి

(దళితవాడ యువజనుల అధ్యయన తరగతిలో ఒక రిటైర్డు సైన్సు మాస్టారు చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరును పెద్దగా మార్చకుండా అచ్చు వేస్తున్నాం.)



నన్ను పిలిచిన కుర్రాళ్ళు ఏమన్నారంటే, "మాస్టారూ, పేపర్లో రోజూ దేవుడి గురించో సైన్సు గురించో ఏదో ఒకటి వస్తోంది. ఏది నమ్మాలో ఏది నమ్మకూడదో చెప్పి పోండి" అన్నారు. ఏది నమ్మాలో చెప్పడానికి నేను రాలేదు. అట్లా చెప్పేవాళ్ళు వేల ఏళ్ళుగా మన నెత్తిన ఉన్నారు. ఇంకొకడు ఎందుకు? ఒక వార్త వస్తే దాన్ని నేను ఏం అడుగుతానో అది మాత్రం చెప్తా. ఇది నిజంగా జరిగిందా, జరిగితే ఎట్లా జరిగింది అని ఒకటి అడుగుతా. దీనివల్ల ఎవరి కడుపు నిండింది, ఎవరి వీపు పగిలింది అని రెండోది అడుగుతా. మన దేశంలో హేతువాదులు చాలామంది మొదటిది అడిగి ఇంటికి పోయి పడుకుంటారు. మనవాళ్ళు చాలామంది రెండోది గట్టిగా అడుగుతారు గానీ, మొదటిది మనకెందుకులే అనుకుంటారు. ఆ మొదటి ప్రశ్న అడగకపోతే మన ప్రాణాలే పోతాయి. అది చెప్పడానికే వచ్చా.

ముందు పాల సంగతి. మీలో నలభై అయిదు దాటినవాళ్ళకి గుర్తుంటుంది. 1995 సెప్టెంబరు 21, గురువారం. తెల్లారకముందే ఢిల్లీలో వినాయకుడి విగ్రహం పాలు తాగుతోందని పుకారు లేచింది. అప్పటికి చేతుల్లో ఫోన్లు లేవు, ఎస్‌టీడీ బూతులే. అయినా మధ్యాహ్నం లోపల దేశమంతా పాకింది. లండన్‌లో గుళ్ళ ముందు కూడా క్యూలు కట్టారు. చదువుకున్నవాళ్ళు, ఆఫీసర్లు, డాక్టర్లు చెంచాలు పట్టుకుని నిలబడ్డారు. మా సెంటర్లో పాలు అయిపోయాయి. మా వాడలో చంటిబిడ్డల తల్లులు గ్లాసు పాల కోసం తిరిగారు.

జరిగిందేంటి? పాలు మాయం కావడం నిజమే, చూసినవాళ్ళు అబద్ధం చెప్పలేదు. చెంచా నిండా పాలు పోసి తడి రాతికి ఆనిస్తే, పాల పైపొరకి ఉండే బిగువు వల్ల, రాయి తడిని పట్టి లాగడం వల్ల, పాలు చెంచా అంచు దాటి బయటికి వస్తాయి. పల్చని పొరగా విగ్రహం ఒంటి మీదుగా కిందికి జారిపోతాయి. పాలరాతి మీద పాలు జారితే కంటికి ఆనవు. ఢిల్లీలో శాస్త్రవేత్తలు పాలల్లో రంగు కలిపి పెట్టారు. రంగు చార విగ్రహం మీద కిందిదాకా కనపడింది. అంతే కథ. మీరు ఇంటికి పోయి పసుపు కలిపిన నీళ్ళు చెంచా నిండా పోసి, తడిపిన సన్నికల్లు పొత్రానికి ఆనించి చూడండి. పొత్రం తాగుద్ది. మీరు కారం నూరే రాయి కూడా దేవుడైపోద్ది.

హేతువాదులు ఇక్కడ ఆగుతారు. నేను ఆగను. ఆ రోజు మా వాడ కుర్రాడొకడు, ఇంటర్మీడియట్ చదివేవాడు, "మన చేతి పాలు కూడా తాగుతాడేమో చూద్దాం" అని చెంచా పట్టుకుని ఊళ్ళో గుడికి బయలుదేరాడు. ధ్వజస్తంభం దాటనివ్వలేదు. వెనక్కి వచ్చి వాడన్న మాట ఇన్నేళ్ళైనా నేను మర్చిపోలేదు. "మాస్టారూ, రాయికి దాహం వేసిందని ఊరంతా పాలు మోసింది. మనిషికి దాహం వేస్తే కుండ మైల పడిందంటారేంది?"

ఆ మైల లెక్క తేల్చాల్సింది కూడా సైన్సే. 1927 మార్చి 20న మహారాష్ట్రలో మహద్ అనే ఊళ్ళో బాబాసాహెబ్ అంబేడ్కర్ వేలమందిని వెంటబెట్టుకుని చవదార్ చెరువుకి పోయి నీళ్ళు తాగాడు. ఆ చెరువులో పశువులు తాగొచ్చు, ఏ మతం వాళ్ళైనా తాగొచ్చు, మనం తాగకూడదు. మనవాళ్ళు తాగి పోయాక ఆ ఊరి అగ్రకులాలవాళ్ళు ఏం చేశారు? చెరువు మైల పడిందని 108 కుండల పంచగవ్యం, అంటే ఆవు పేడ, ఆవు మూత్రం, పాలు, పెరుగు, నెయ్యి, మంత్రాలు చదివి నీళ్ళకి కలిపి శుద్ధి చేశారు. ఇప్పుడు మన స్కూలు పిల్లల్ని అడగండి. ఒక గ్లాసులో మనిషి చెయ్యి పెట్టిన నీళ్ళు, ఇంకో గ్లాసులో పేడ కలిపిన నీళ్ళు. ఏది తాగితే వాంతులు, విరేచనాలు? కలరా పురుగుకి కులం తెలియదు. పేడ నీళ్ళు తాగింది మాత్రం ఆ అగ్రకులాలవాళ్ళే. ఆ చెరువు మీద మన హక్కు బొంబాయి హైకోర్టులో తేలేసరికి 1937 వచ్చింది. పదేళ్ళు! అంత పెద్ద కోర్టు, ఒక దోసెడు నీళ్ళకి.

మన దగ్గర కారంచేడు 1985లో ఎక్కడ మొదలైందో మర్చిపోవద్దు. మాదిగపల్లె తాగే నీళ్ళ చెరువు దగ్గర గేదెల కుడితి బకెట్లు కడుగుతుంటే, ఆ మురికి నీళ్ళలో కలుస్తుంటే, ఇదేంటని అడిగినందుకు మొదలైంది. మున్నంగి సువార్త తనను కొట్టబోతే బిందె ఎత్తి అడ్డం పెట్టింది. మర్నాడు, జులై 17న, ఆరుగురు మాదిగల్ని చంపారు, ఆడవాళ్ళ మీద అత్యాచారాలు చేశారు. కుడితి కలిస్తే నీళ్ళు చెడతాయి, తాగేవాళ్ళకి రోగాలొస్తాయి, ఇది సైన్సే. ఆ మాట నోటితో అన్నందుకు చంపారు.

హేతువాదుల మీద నాకొక కోపం ఉంది, ఈ సందర్భంలో చెప్పేస్తా. హేతువాదానికి పేరుపడ్డ నేల మనది. తెనాలి అంటే త్రిపురనేని రామస్వామి చౌదరి. పురాణాలను చీల్చి చెండాడిన మనిషి. ఆ తెనాలి దగ్గరే చుండూరు. 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల్ని నరికి చంపిన ఊరు. దేవుడు లేడని ఒప్పుకున్న పెద్దమనుషుల ఇళ్ళల్లో కూడా పాలేరు ఉన్నాడు, పాలేరుకి వేరే గ్లాసు ఉంది. దేవుణ్ణి తీసేసి కులాన్ని అట్టిపెట్టుకున్నారు. అందర్నీ ఒక గాటన కట్టను. విజయవాడ నాస్తిక కేంద్రం గోరాగారు 1948లోనే తన కూతురిని దళితుడికిచ్చి పెళ్ళి చేశాడు. అట్లాంటివాళ్ళు ఎంతమంది? వేళ్ళ మీద లెక్కపెట్టండి.

సరే, బావి సంగతికి వస్తా. ఇది చెప్పాలంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తది.

నా చిన్నతనంలో మా ఊళ్ళో ఒక మోతుబరి చేలో పాత బావి ఉండేది. రెండేళ్ళుగా తోడలేదు, ఆకూ అలమూ పడి కుళ్ళిపోయింది. ఎండాకాలం పూడిక తీయాలని మా వాడ నుంచి ముగ్గుర్ని పిలిచారు. పూడిక తీసేది మనమే గదా, ఆ తర్వాత ఆ నీళ్ళు తోడుకోకూడనిది కూడా మనమే. మొదటివాడు దిగాడు. కేకైనా వేయకుండా కూలిపోయాడు. వాణ్ణి తీయడానికి వాడి తమ్ముడు దిగాడు. వాడూ లేవలేదు. మూడోవాడు నడుముకి తాడు కట్టుకుని దిగాడు. పైకి లాగేసరికి ఊపిరి లేదు. గంట లోపల మూడు శవాలు. ఊరు ఏమంది? బావిలో గంగమ్మ ఉంది, పూజ చేయకుండా దిగారు, బలి తీసుకుంది అంది. బావి ఆసామి ఒక్క పైసా ఇవ్వలేదు. దేవత తీసుకుంటే ఆసామి ఏం చేస్తాడు? పైగా గంగమ్మకి శాంతి చేయాలని వేటపోతుకి చందా వేశారు. ఆ చందా మా వాడలో కూడా వసూలు చేశారు, చచ్చినవాళ్ళ ఇళ్ళతో సహా.

నేను డిగ్రీలో కెమిస్ట్రీ చదివేటప్పుడు ఒకరోజు లెక్చరర్ బొగ్గుపులుసు వాయువు గురించి చెప్తుంటే లేచి బయటికొచ్చి ఏడ్చాను. ఆకులు కుళ్ళితే గాలిలో ప్రాణవాయువు ఖర్చయిపోతుంది, బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. అది మామూలు గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు. బావి అడుగున నీళ్ళలాగా నిలిచిపోతుంది. గాలి ఆడని బావిలో అది కదలదు. అందులోకి దిగినవాడు రెండు మూడు ఊపిర్లలో స్పృహ తప్పుతాడు. అంతే. గంగమ్మా లేదు, గావూ లేదు. ఒక లాంతరు తాడుకి కట్టి దించి ఉంటే ఆరిపోయేది. లాంతరు ఆరితే మనిషి దిగకూడదు. అణా ఖర్చు లేని పరీక్ష అది. ముగ్గురు బతికేవాళ్ళు.

ఇందులో మీరు గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. లాంతరు వెలిగినంత మాత్రాన అన్ని చోట్లా క్షేమం అనుకోవద్దు. బావిలోకి డీజిల్ ఇంజను దించి నడిపితే ఆ పొగలో ఇంకో విషవాయువు ఉంటుంది, దీపం ఆరకుండానే మనిషిని చంపుతుంది. ఇక సెప్టిక్ ట్యాంకు, డ్రైనేజీ గుంట దగ్గరికి అసలు దీపమే తీసుకుపోవద్దు, అక్కడి గ్యాసు అంటుకుని పేలుతుంది. ఆ గుంటల్లో కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేసే వాయువు ఉంటుంది. అది ఎక్కువైతే ముందు ముక్కుని చంపుతుంది. వాసన పోయింది గదా, గ్యాసు పోయిందిలే అని దిగుతారు. పోయింది గ్యాసు కాదు, మీ ముక్కు. తర్వాత మీరు. ఒకడు పడిపోతే ఇంకొకడు దిగొద్దు. అన్న పడ్డాడని తమ్ముడు దిగుతాడు, మన ప్రేమ అట్లాంటిది, అందుకే ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు కలిసి పోతారు. పైనుంచి తాడుతో లాగండి, ఫైరింజన్‌కి ఫోన్ చెయ్యండి.

ఈ మధ్య వార్తల్లో సైన్సుకి గొప్ప రోజు ఏదంటే 2023 ఆగస్టు 23 అంటారు. చంద్రయాన్-3 చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర దిగింది. మన నెల్లూరు దాపున శ్రీహరికోట నుంచే ఎగిరింది. నేనూ టీవీ ముందు కూర్చుని చూశా, సంతోషపడ్డా, దాచుకోను. అయితే జులైలో ఎగరడానికి ముందు ఇస్రో శాస్త్రవేత్తలు ఆ రాకెట్టు నమూనా బొమ్మని తిరుమల తీసుకుపోయి వెంకన్న కాళ్ళ దగ్గర పెట్టారు. సూళ్ళూరుపేట చెంగాళమ్మకి మొక్కారు. దాని మీద పేపర్లలో చర్చ. కొందరు సిగ్గుచేటన్నారు, కొందరు వాళ్ళ వ్యక్తిగత నమ్మకం అన్నారు. నాకు ఆ చర్చ మీద పెద్ద ఆసక్తి లేదు. ఇంటికాడ మొక్కుకుంటే మొక్కుకోనీ. నేనడిగేది వేరే. చంద్రుడి మీద మనిషి అవసరం లేకుండా బండి దించి, మట్టిని పరీక్షించి చూసే యంత్రం చేయగలిగిన దేశం, నగరం కింద పన్నెండడుగుల గుంటలోకి ఇంకా మనిషినే ఎందుకు దించుతోంది?

పాకీపని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చాయి. గుంటలో చచ్చినవాడి కుటుంబానికి పది లక్షలివ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023 అక్టోబరులో ముప్పై లక్షలు చేసింది. ప్రభుత్వం పార్లమెంటులో తానే ఇచ్చిన లెక్క ప్రకారం 2019 నుంచి 2023 దాకా 377 మంది ఈ గుంటల్లో చనిపోయారు. ఈ పని చేసేవాళ్ళ వివరాలు ప్రభుత్వమే సేకరిస్తే నూటికి 92 మంది ఎస్సీ, ఎస్టీ, బీసీలని తేలింది. మరి సైన్సు లేకనా? కోలారు బంగారు గనుల్లో తోటి కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ ముప్పై ఏళ్ళుగా ఇదే అడుగుతున్నాడు. ఆయన తవ్వి తీసిన నిజం ఏంటంటే, యంత్రం కంటే మన ప్రాణం చవక. చవకగా దొరికేదాన్ని వాడుకుంటారు. ఆ చవకదనానికి కర్మ అని పేరు పెట్టింది మతం. పోయిన జన్మలో చేసుకున్నావు, ఈ జన్మలో గుంటలో దిగు. అందుకే శాస్త్రవేత్త కొండ ఎక్కడం గురించి నేను మాట్లాడను, యంత్రం గుంట దగ్గరికి రాకపోవడం గురించి మాట్లాడతా.

ఇక్కడ ఒకాయన పోయిన సభలో నన్నడిగాడు. మంచి పని కోసం దేవుడి పేరు వాడుకుంటే తప్పేంటి మాస్టారూ, జనం మంచి మాట వింటారు గదా అని. దానికి జవాబు 1934లో ఉంది.

ఆ ఏడు జనవరి 15న బీహారులో పెద్ద భూకంపం వచ్చింది. పదివేలకి పైగా చనిపోయారు. గాంధీ అప్పుడు హరిజన యాత్ర పేరుతో దక్షిణాదిన తిరుగుతున్నాడు. అంటరానితనమనే పాపానికి దేవుడు వేసిన శిక్ష ఈ భూకంపం అన్నాడు. వింటానికి మనకి బాగానే ఉంటుంది. మన పక్షాన దేవుడు భూమిని కదిలించాడట! రవీంద్రనాథ్ టాగూరు ఊరుకోలేదు. ప్రకృతిలో జరిగేవాటికి ప్రకృతిలోనే కారణాలుంటాయి, వాటిని పాపపుణ్యాలకి ముడిపెట్టొద్దు, ఇట్లాంటి వాదన మీకంటే మీ ప్రత్యర్థులకే బాగా పనికొస్తుంది అని రాశాడు. గాంధీ ఆ ఉత్తరాన్ని తన పత్రికలోనే వేశాడు, కానీ మాట మార్చుకోలేదు.

నేను టాగూరు పక్షం. ఇంకా ఒకటి నా తరఫున అడుగుతా. అంటరానితనం పాటించిన పాపానికి శిక్ష అయితే బీహారులో చచ్చినవాళ్ళలో అంటరానివాళ్ళు లేరా? వాళ్ళ గుడిసెలు కూలలేదా? దెబ్బ తిన్నవాణ్ణే మళ్ళీ కొట్టే దేవుడు న్యాయమూర్తి ఎట్లా అవుతాడు? పైగా సనాతనులు కూడా అదే నోటితో, మాలమాదిగల్ని గుళ్ళలోకి పిలిచిన పాపానికే భూమి కదిలిందని అనొచ్చు. ఇద్దరిలో ఎవరిది నిజమో తేల్చే దారి ఏది? లేదు. తేల్చే దారి లేని మాట మీద మన హక్కుని నిలబెట్టొద్దు. రేపు ఎవడైనా తోసేస్తాడు. అంటరానితనం తప్పు, ఎందుకంటే అది మనిషికి మనిషి చేసే అన్యాయం. భూమి కదిలినా తప్పే, కదలకపోయినా తప్పే.

భూమికీ సముద్రానికీ కులం లేదు గానీ ఆ తర్వాత వచ్చే లారీకి ఉంది. 2004 డిసెంబరు 26 సునామీలో తమిళనాడు నాగపట్నం వైపు ఏం జరిగింది? సహాయ శిబిరాల్లో దళితుల్ని విడిగా పెట్టారు, నీళ్ళ ట్యాంకు దగ్గర తోసేశారు, నష్టపోయినవాళ్ళ జాబితాలో పేరు ఎక్కడానికి ఏడిపించారు. శవాలు తీసే పనికి మాత్రం వేరే ఊళ్ళ నుంచి కూడా పారిశుధ్య కార్మికుల్ని, అంటే మనవాళ్ళని, లారీల్లో తెచ్చారు. అది దేవుడు వేసిన శిక్ష కాదు, మనుషులు రాసిన జాబితా. జాబితా అయితే మార్పించొచ్చు. ఎమ్మార్వో ఆఫీసు ముందు కూర్చోవచ్చు.

చేతబడి గురించి ఎక్కువ చెప్పను, మీ అందరికీ తెలిసిందే. తెలంగాణలో బాణామతి అంటారు, గోదావరి వైపు చిల్లంగి అంటారు. ఊళ్ళో వరసగా ఇద్దరు జ్వరంతో పోతే ఒక ముసలామె మీద వేలు చూపిస్తారు. ఆ వేలు ఎప్పుడైనా పెద్దింటి ఆడమనిషి మీదికి పోవడం చూశారా? ఒంటరి ఆడది, కొంచెం పొలం ఉన్నది, నోరున్నది, కింది కులానిది. చెట్టుకి కట్టేస్తారు, పళ్ళు పీకుతారు, కిరోసిన్ పోస్తారు. ఇంత చేతబడి శక్తి ఉన్న మనిషి తనని కట్టేసిన తాడుని ఎందుకు తెంచుకోలేదో ఒక్కడూ అడగడు. కార్యకర్తలు రాసుకోండి: ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. చేతబడి చేస్తున్నారని నిందవేసి ఎస్సీ ఎస్టీ మనిషిని శారీరకంగా గానీ మానసికంగా గానీ హింసిస్తే అది అత్యాచారమే. సెక్షన్ 3(1)(జెడ్‌బీ). పోలీసు స్టేషన్లో "ఊరి గొడవలే, రాజీ పడండి" అంటే ఈ నంబరు చెప్పండి. నంబరు చెప్తే రైటరు తల ఎత్తి చూస్తాడు.

ఇక్కడొక పొరపాటు వద్దు. మూఢనమ్మకం చదువులేని వాడల్లో ఉంటుందని పేపర్లు రాస్తాయి. 2021 జనవరిలో మదనపల్లెలో ఇద్దరు ఎదిగిన కూతుళ్ళు ఇంట్లోనే హత్యకు గురైతే, ఆ కేసులో అరెస్టయింది తల్లిదండ్రులే. పెద్ద పెద్ద డిగ్రీలున్నవాళ్ళు, పిల్లలకి పాఠాలు చెప్పేవాళ్ళు. కలియుగం అయిపోయి సత్యయుగం వస్తుంది, బిడ్డలు లేచి వస్తారు అన్నారని వార్త. అదే మన వాడలో జరిగి ఉంటే ఎట్లా రాసేవాళ్ళు? అజ్ఞానం, అనాగరికం అని. అక్కడ మాత్రం "మానసిక సమస్య" అని జాలిగా రాశారు. జాలి పడటం మంచిదే. మనకి కూడా కొంచెం మిగల్చండి అంటున్నా.

మనవాళ్ళనీ వదలను. మీలో సగం మంది ఆదివారం చర్చికి పోయేవాళ్ళు. స్వస్థత సభలో కుంటివాడు లేచి నడిచాడని పోస్టర్లు వేస్తారు. ఆ కుంటివాడు ఏ ఊరివాడు, సభకి ముందు ఏ డాక్టరు చూశాడు, మూడు నెలల తర్వాత ఎట్లా ఉన్నాడు అని అడిగారా? 2012లో ముంబైలో ఒక చర్చి శిలువ పాదాల నుంచి నీళ్ళు కారుతుంటే తీర్థమని సీసాల్లో పట్టుకున్నారు. సనల్ ఎడమరుకు అనే హేతువాది పోయి చూశాడు. పక్కన మురుగు గొట్టం పూడుకుపోయి ఆ నీళ్ళు గోడలోంచి పైకి పాకుతున్నాయి. వినాయకుడి పాలలాంటిదే ఇది కూడా. నిజం చెప్పినందుకు ఆయన మీద కేసులు పెట్టారు, దేశం వదిలి ఫిన్లాండ్ పోయాడు. మహారాష్ట్రలో డాక్టర్ నరేంద్ర దభోల్కర్‌ని 2013 ఆగస్టు 20న పొద్దున నడకకి పోతే కాల్చి చంపారు. ఆయన చచ్చాకే ఆయన అడిగిన చట్టం వచ్చింది. అడిగేవాణ్ణి ఏ మతమూ ఊరికే వదలదు.

అట్లాగని చర్చి మనకి ఏం చేయలేదా? పలక ఇచ్చింది, మందు ఇచ్చింది, నేనూ మిషన్ బళ్ళోనే అక్షరాలు దిద్దా. ఆ రుణం ఉంది. రుణం ఉందని నోరు మూసుకోను. పోలేరమ్మ, మాతమ్మ మన దేవతలు గదా మాస్టారూ, బ్రాహ్మణ దేవుళ్ళు కాదు గదా అని కొందరు రచయితలు అంటున్నారు. డప్పు మనదే, పాట మనదే, ఉంచుకోండి. అదే దేవత పేరు చెప్పి మన ఆడపిల్లని జోగినిగా, మాతమ్మగా విడిచిపెట్టి, ఊళ్ళో మగవాళ్ళందరి సొత్తు చేశారు. దాన్ని నిషేధిస్తూ 1988లో మన రాష్ట్రంలో చట్టం చేయాల్సి వచ్చింది. ఎవరి దేవత అని కాదు, ఎవరి బిడ్డ అని చూడండి.

బాబాసాహెబ్ ఇదంతా చూసినవాడు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బౌద్ధం తీసుకుని జనం చేత ఇరవై రెండు ప్రమాణాలు చేయించాడు. బ్రహ్మ, విష్ణు, మహేశ్వరులను కొలవను అని, శ్రాద్ధాలు, పిండాలు పెట్టను అని. రాజ్యాంగంలో శాస్త్రీయ దృక్పథం పౌరుడి విధి అని 1976లో చేర్చారు, 51ఎ(హెచ్). అది ఎవడి గోడ మీదా రాసి ఉండదు.

చాలాసేపు మాట్లాడా. ఆ వెనక కూర్చున్న తల్లి చెయ్యి ఎత్తింది. చెప్పమ్మా. ... విన్నారా? "మా అత్తని పాము కరిస్తే మంత్రం వేస్తే బతికింది, నువ్వేమో మంత్రం లేదంటావు" అంటోంది. మంచి ప్రశ్న. ఆమె కళ్ళతో చూసింది, నేను కాదనను. అత్త బతికింది. ఎందుకు బతికిందో చూద్దాం.

పొలాల్లో తిరిగే పాముల్లో ఎక్కువ భాగం విషం లేనివే. విషమున్న పాము కూడా ఒక్కోసారి కరుస్తుంది గానీ విషం వదలదు. అట్లాంటి కాట్లకి మంత్రం వేసినా బతుకుతారు, వేపాకు ఊపినా బతుకుతారు, ఊరికే పడుకోబెట్టినా బతుకుతారు. బతికినవాడు మంత్రగాడికి కోడిని ఇచ్చి ఊరంతా చెప్తాడు. చచ్చినవాడు చెప్పడు. "ఆలస్యంగా తెచ్చారు, మైల తగిలింది" అంటాడు మంత్రగాడు. అందుకే వాడి పేరు చెడదు. తాచు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగు నిజంగా విషం దించితే ఏ మంత్రమూ దాన్ని తీయదు. మన దేశంలో ఏటా సుమారు 58 వేలమంది పాముకాటుతో చనిపోతున్నారని పరిశోధకులు 2020లో లెక్క తేల్చారు. వాళ్ళలో ఎక్కువమంది పల్లెటూళ్ళ వాళ్ళు. రాత్రిపూట చేలో కాళ్ళకి చెప్పుల్లేకుండా నడిచేది ఎవరు? నేల మీద పడుకునేది ఎవరు? కట్లపాము నిద్రలో కరిస్తే నొప్పి కూడా తెలియదు. తెల్లారేసరికి కడుపునొప్పి అంటారు, కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దవుతుంది. గాలి సోకిందని భూతవైద్యుణ్ణి పిలుస్తారు. అప్పటికే ఊపిరి తీసే కండరాలు పడిపోతుంటాయి.

దానికి మందు ఉంది. ఆ మందు ఎట్లా వస్తుందో తెలిస్తే మీరు గర్వపడతారు. చెన్నై దగ్గర ఇరుల గిరిజనులు 1978లో సహకార సంఘం పెట్టుకుని పాముల్ని పట్టి విషం తీస్తారు. ఆ విషాన్ని కొంచెం కొంచెంగా గుర్రానికి ఎక్కిస్తే గుర్రం ఒంట్లో విరుగుడు పుడుతుంది, ఆ రక్తం నుంచి మందు చేస్తారు. అక్షరం రాని ఇరులవాళ్ళ చేతి నైపుణ్యం లేకపోతే పెద్ద పెద్ద కంపెనీల మందు లేదు. 2023లో వాళ్ళలో ఇద్దరికి పద్మశ్రీ ఇచ్చారు. ఇరులవాళ్ళ విద్య మంత్రగాడి విద్య లాంటిది కాదు. పాముని చూసి, పట్టి, తప్పు చేస్తే చచ్చి, నేర్చుకున్న విద్య.

కాబట్టి తల్లీ, మీ అత్త బతికినందుకు నాకూ సంతోషమే. ఈసారి ఎవరికైనా కాటు పడితే కోయొద్దు, నోటితో పీల్చొద్దు, తాడు బిగించి కట్టొద్దు. మనిషిని నడిపించొద్దు, పరిగెత్తించొద్దు. కాటు పడిన కాలో చెయ్యో కదలకుండా కర్ర బద్ద ఆనించి వదులుగా గుడ్డ చుట్టి, 108కి ఫోన్ చేసి సర్కారు ఆసుపత్రికి తీసుకుపోండి. పాముని వెతుకుతూ టైము పాడుచేయొద్దు. ఆసుపత్రిలో మొదటి మాటే "ఏఎస్‌వీ ఉందా?" అని అడగండి. లేదంటే ఎక్కడుందో వాళ్ళ చేతనే ఫోన్ చేయించి, అంబులెన్సు అక్కడికి తిప్పించండి. దానికోసం గొడవ పడాల్సి వస్తే పడండి, సంఘం కుర్రాళ్ళని పిలవండి. మంత్రగాడికి కోడి ఇవ్వాలని మీకు మరీ మొక్కు ఉంటే, ఆసుపత్రి నుంచి తిరిగొచ్చాక ఇచ్చుకోండి.

ఈ నెలలో మీ పంచాయతీ బావి పూడిక తీస్తారని విన్నా. దిగేది ఎవరో నాకు తెలుసు. తేదీ ఖాయం కాగానే చెప్పండి. లాంతరు నేను తెస్తా, పొడుగు తాడు మీరు చూడండి.